చెరువు గట్టు మీద పద్నాలుగు మెట్ల పాఠం

లాక్‌డౌన్ పెట్టిన నెలలోపే మా కాలేజీ నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. స్కూళ్ళు మూతపడ్డాయి కాబట్టి శిక్షణలో ఉన్న టీచర్లందరూ ఇంట్లో వాళ్ళనే విద్యార్థులుగా కూర్చోబెట్టి పాఠం చెప్పి, వీడియో తీసి పంపాలట. నేను ఏలూరులో చదువుతున్నది స్పెషల్ బి.ఎడ్. బుద్ధి వికాసం నెమ్మదిగా సాగే పిల్లలకు చదువు చెప్పడం నేర్పే కోర్సు అది. అంటే మా ఇంట్లో వాళ్ళు ఊరికే కూర్చుంటే చాలదు, అలాంటి పిల్లల్లా నటించాలి కూడా. తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో నేను కాక ఉన్నది ఇద్దరే. పౌరోహిత్యం చేసుకునే మా నాన్నగారు, ఆయనకు మడినీళ్ళు తోడిపెట్టే మా అమ్మ.

నాన్నగారు దండం పెట్టి తప్పుకున్నారు. అమ్మ ఒప్పుకుంది. పాఠం పళ్ళు తోముకోవడం. పద్ధతి ప్రకారం విద్యార్థి మొదటి వీడియోలో బ్రష్షు పట్టుకోవడం దగ్గరే తడబడాలి, అయిదో వీడియోకి మెల్లగా నేర్చుకోవాలి. మా అమ్మకు ఓడిపోవడం చేతకాదు. మొదటి వీడియోలోనే పళ్ళన్నీ తళతళలాడేలా తోమేసి, "పేస్టు అంతంత వేస్తారటే ఎవరైనా? సంసారం చేసే లక్షణమేనా ఇది?" అని నన్ను కెమెరా ముందే కడిగేసింది. మా మాస్టారు పంపిన వ్యాఖ్య ఇప్పటికీ నా దగ్గర ఉంది. విద్యార్థిని ప్రగతి అద్భుతమట. తదుపరి లక్ష్యం, ఉపాధ్యాయురాలిని విసుక్కోకుండా ఉండటమట.

ఇలా క్లాసులో అందరి తల్లులూ అయిదు రోజుల్లో పళ్ళు తోమడం నేర్చేసుకునేసరికి కాలేజీకి కూడా సిగ్గేసినట్టుంది. ఈ తంతు ఆపి, లాక్‌డౌన్‌కి ముందు ఎవరికి ఏ పిల్లను అప్పగించామో ఆ పిల్లకే ఫోనులో పాఠం చెప్పమన్నారు. ఎవరి పాఠ్యాంశం వాళ్ళే ఎంచుకోవచ్చు. పిల్ల నేర్చుకుంటేనే ప్రాక్టికల్ మార్కులు.

నాకు అప్పగించిన పిల్లకు పన్నెండేళ్ళు. ఏలూరులో ప్రత్యేక పిల్లల హాస్టల్లో ఉండేది. మూసేసినప్పుడు ఇంటికి పంపేశారు. ఇల్లు కైకలూరు అవతల, కొల్లేటి అంచున. తండ్రి చేపల చెరువు కాపలా, తల్లి రొయ్యల షెడ్డులో తలలు వొలిచే పని. పిల్లకు మాటలు ఒక పదిహేను ఉంటాయి. కానీ చూపించింది చూపించినట్టు చేస్తుంది, ఒక్క పిసరు వదలదు. హాస్టల్లో నేను దుప్పటి మడతపెడుతూ తుమ్మితే, మర్నాటి నుంచి తను కూడా దుప్పటి మడతపెడుతూ అదే చోట తుమ్మేది. అప్పుడు ముచ్చటపడి నవ్వుకున్నాను. అది హెచ్చరిక అని నాకు తోచలేదు.

మొదటి ఫోనులోనే తల్లి అసలు సంగతి చెప్పేసింది.

"టీచరుగారండీ, ఇది ఇయ్యాళో రేపో పెద్దమనిషయ్యేలా ఉందండి. నేను షెడ్డుకెళ్తే మళ్ళీ సాయంత్రమేనండి. ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. దానికి ఆ నాలుగు రోజులూ ఎవరు చూస్తారండీ? మా ఊరి డాక్టరేమో గర్భసంచి తీయించేయమ్మా, గొడవే ఉండదు అంటన్నాడండి. బస్సులు తిరగ్గానే ఏలూరు తీసుకెళ్ళిపోదామనుకుంటన్నాను."

పన్నెండేళ్ళ పిల్ల, ఒంట్లో ఏ రోగమూ లేదు. చూసుకునే మనిషి లేదని కడుపు కోయించేస్తారట. కోపం తల్లి మీద రాలేదు. ఆవిడకు మాత్రం ఇంకో దారి ఎవరు చూపించారు?

"అంత తొందర వద్దండీ. తనంతట తను చూసుకోవడం నేను నేర్పుతాను. బస్సులు తిరిగేదాకా ఆగండి" అన్నాను.

"నేర్చుకుంటాదంటారా?" అంటూనే, "మీ పరీక్ష కోసమాండీ?" అంది.

అబద్ధం చెప్పడమెందుకు, అప్పటిదాకా పరీక్ష కోసమే. "రెండిటికీనండీ" అన్నాను. ఆవిడ "ఆయ్" అంది. నమ్మిందో లేదో తెలియలేదు.

మా మాస్టారికి పాఠ్యాంశం పేరు చెప్పాను. ఆయన మంచివారే. కానీ ఫోను అవతల చాలాసేపు దగ్గి, "అదే... మరి... వ్యక్తిగత పరిశుభ్రత అని రాయండమ్మా" అన్నారు. ఆ తరువాత పర్యవేక్షణకు జూమ్‌లోకి వచ్చినప్పుడల్లా ఆయన తన కెమెరా ఆపుకునేవారు. ఈ పాఠమంటే మొహమాటం నాకు, పిల్లకు, వాళ్ళమ్మకు లేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న ఆయనకే ఉంది.

మా పద్ధతిలో ఏ పనినైనా చిన్న చిన్న మెట్లుగా విడగొట్టుకుని ఒక్కొక్కటే నేర్పాలి. నేను రెండు రోజులు కూర్చుని పద్నాలుగు మెట్లు రాశాను. బట్టల మీద మరక చూసుకోవడంతో మొదలు. ప్యాడ్లు ఉండే గుడ్డసంచీ తీసుకోవడం, బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకోవడం, పాతది తీసి పేపర్లో చుట్టడం, కొత్తది అంటించుకోవడం, చుట్టిన పొట్లం చెత్తడబ్బాలో వేయడం, చివరికి సబ్బుతో చేతులు కడుక్కోవడం. ఎవరూ గుర్తుచేయకుండా, ఎవరి సాయమూ లేకుండా పద్నాలుగూ చేస్తే నేర్చుకున్నట్టు. రాసి చూసుకుని మురిసిపోయాను.

నా దగ్గరో ప్లాస్టిక్ బొమ్మ, ఆ పిల్ల దగ్గరో ప్లాస్టిక్ బొమ్మ. బొమ్మ లాగుకే అంతా చేసి చూపించాలి. మరకకు ఎర్రరంగు కావాలి, కొట్లన్నీ కట్టేశారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా వస్తుంది కదా అని గిన్నెలో కలుపుతున్నాను. అమ్మ వచ్చి చూసింది. చూసి, గిన్నె నా చేతిలోంచి లాక్కుని, "ఇన్నాళ్ళకి నీకో మంచి బుద్ధి పుట్టింది. మీ నాన్నగారికి కరోనా దిష్టి తగలకుండా తీద్దామని నేనే అనుకుంటున్నాను" అంటూ హాల్లోకి వెళ్ళిపోయింది. నేను చెప్పేలోపే నాన్నగారికి మూడుసార్లు దిగదుడిచి వీధిలో పారబోసింది. ఆ నీళ్ళు దేనికో తరువాత చెబితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు తనే కలిపి తెచ్చి నా పక్కన పెట్టి, "చిక్కగా ఉంటే అసలుదానిలా ఉండదు, నీళ్ళు పొయ్యి" అంది. నెలకు మూడు రోజులు వెనక గదిలో విడిగా కూర్చోబెట్టే ఇల్లు మాది. ఆ ఇంటి నడి వాకిట్లో బొమ్మకు ప్యాడ్ పెడుతుంటే మా అమ్మ పక్కన కూర్చుని రంగు సరిచూసేది.

ఇంట్లో మంచి ఫోను ఒక్కటే. అదీ నాన్నగారిది. పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ ఆగిపోయాక ఆయన వీడియో కాల్లో వ్రతాలు చేయించడం నేర్చుకున్నారు. ఒకరోజు జంగారెడ్డిగూడెం వాళ్ళకు సత్యనారాయణ వ్రతం పదకొండింటికని చెప్పి ఆయన మడికట్టుకోవడానికి వెళ్ళారు. నా పాఠం పదిన్నరకు. మధ్యలో లైను తెగి మళ్ళీ కాల్ వస్తే పిల్ల వాళ్ళమ్మేమో అనుకుని తడిచేత్తో నొక్కేశాను. అవతల పట్టుపంచెలో ఒక పెద్దాయన, పట్టుచీరలో ఆయన భార్య, పీటల మీద. ఇవతల నేను, ఎర్రనీళ్ళు, తలకిందులుగా బొమ్మ. ముగ్గురమూ అలా చూసుకుంటూ ఉండిపోయాం. ముందు తేరుకున్నది ఆవిడే. "ఏవండీ, ఇది కరోనా శాంతా అండీ? మేమూ బొమ్మ తెచ్చుకోవాలా?" అని అడిగింది పాపం, ఎంతో మర్యాదగా. నాన్నగారు పరుగున వచ్చి ఫోను లాక్కుని, బొమ్మ అక్కర్లేదు, తమలపాకులు చాలు అని సర్దిచెప్పారు.

పిల్ల వైపు సంగతి ఇంకా బాగుండేది. వాళ్ళ ఇంట్లో సిగ్నల్ ఉండదు. చెరువు గట్టు మీద మేత గోదాం పక్కన మాత్రం వస్తుంది. అంటే గడియ పెట్టుకుని ఒంటరిగా చేసుకోవలసిన పని నేను గట్టు మీద నేర్పాలి. తల్లి షెడ్డుకు వెళ్ళబోయే ముందో, పని లేని పూటో రెండు వెదుళ్ళు పాతి పాతచీర కట్టేది. అదే బాత్రూము. గాలి వస్తే బాత్రూము ఎగిరిపోయేది. కొల్లేటి గాలి సంగతి తెలిసిందే. పిల్ల మాత్రం బుద్ధిగా చీర వెనక్కి వెళ్ళి, లేని తలుపు మూసి, లేని గడియ వేసి, బొమ్మను ఒళ్ళో పెట్టుకునేది. తల్లి ఫోను పట్టుకుని పక్కనే కూర్చునేది. ఆ పూటకు తండ్రి పడవ వేసుకుని చెరువు అవతలికి వెళ్ళి, పాఠం అయ్యేదాకా ఇటు వీపు పెట్టుకుని ఉండేవాడు.

నాలుగు వారాలకు తొమ్మిది మెట్లు వచ్చాయి. అంత గర్వం నాకు పదో తరగతిలో మార్కులు వచ్చినప్పుడు కూడా లేదు. అప్పుడు తల్లి ఫోను చేసింది.

"అంతా బానే చేస్తందండి. మీ ఫోను లేకుండా చేసినప్పుడు అయిదోది అవగానే మటుకు నిలబడిపోతందండి. నోరు తెరుచుకుని, చెయ్యి పైకెత్తుకుని, అలాగే. మీరు చెప్పారేమో అని నేనేం అనలేదండి."

నాకేమీ అర్థం కాలేదు. వీడియో చూపించమన్నాను. చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిల్ల నోరు తెరిచిన తీరు నాదే. అయిదో మెట్టు చూపించడానికి నేను రోజూ మా ప్రహరీ గోడ వైపు తిరిగేదాన్ని. అక్కడ సిగ్నల్ పోయి నా రూపం తెర మీద బిగుసుకుపోయేది. నోరు తెరిచి, చేత్తో పాత పేపరు పైకెత్తి, ఒక్కోసారి నిమిషం పాటు. మళ్ళీ సిగ్నల్ వచ్చాక ఆరోది చెప్పేదాన్ని. పిల్ల దృష్టిలో అదీ ఒక మెట్టే. టీచరు రోజూ చేస్తోంది, చూపించింది చూపించినట్టు తనూ చేస్తోంది.

మాన్పించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నేను హాల్లోకి మారి, ఆగకుండా అయిదు నుంచి ఆరుకు వెళ్ళి చూపించాను. పిల్ల నావైపు జాలిగా చూసి, వేలు ఊపి, నేను మర్చిపోయిన మెట్టును తనే నిలబడి చూపించింది. వాళ్ళమ్మ నవ్వాపుకోలేక ఫోను గట్టు మీద పడేసింది. చెరువు అవతల వీపు పెట్టుకున్న తండ్రి కూడా ఏమైందోనని వెనక్కి తిరిగాడు.

ఆ వారమే పర్యవేక్షణ. మాస్టారు కెమెరా ఆపుకుని జూమ్‌లోకి వచ్చారు. పిల్ల అయిదు చేసి నిలబడింది. నేను కదలకుండా చూస్తున్నాను. పిల్ల కదలదు. మాస్టారు, "అమ్మా, నెట్‌వర్క్ పోయింది" అన్నారు. పోలేదండీ అన్నాను. ఆయన వెళ్ళిపోయి మళ్ళీ వచ్చారు. పిల్ల అలాగే ఉంది. ఆయన ఫోను ఆపి మళ్ళీ వెలిగించుకుని వచ్చారు. ఈసారి పిల్ల వెనక నుంచి ఒక కొంగ నడుచుకుంటూ వెళ్ళింది. "కొంగ కదులుతోంది, పిల్ల కదలట్లేదేమిటమ్మా?" అన్నారు ఆయన, కాస్త భయంగా. నేను జరిగింది చెప్పాను. ఆయన రెండుసార్లు దగ్గి, ఆ నిలబడటాన్ని రోజుకు కొంచెం తగ్గిస్తూ రండి, ముందు వేళ్ళ మీద అంకెలు లెక్కపెట్టించండి అన్నారు. అంత దగ్గే మనిషి ఇచ్చిన సలహాల్లో నిజంగా పనికొచ్చింది అదే. పది అంకెల నుంచి అయిదుకు, అయిదు నుంచి రెండుకు దిగాం. చివరికి ఊపిరి ఒకసారి పీల్చి ముందుకెళ్ళేది. అది చాలు, మనమూ పీలుస్తాం కదా.

పొట్లం పారేయడం ఇంకో కథ. చేపలకు మేత సంచుల్లో పోసి చెరువులో పాతిన వెదుళ్ళకు వేలాడదీస్తారు. గట్టు మీద పుట్టి పెరిగిన పిల్లకు సంచీ అంటే వెదురుకు కట్టేదే. నేను "డబ్బాలో వెయ్యి" అని చెప్పాను గాని డబ్బా నా పక్కన ఉంది, ఆ పక్కన లేదు. రెండు రోజుల తరువాత తండ్రి పడవలో మేత వేయడానికి వెళ్ళి, గట్టు పక్కనే వరసగా ఉన్న ఆరు వెదుళ్ళకు కొత్త పొట్లాలు కట్టి ఉండటం చూశాడు. చెరువు యజమాని ఏదో కొత్తరకం మందు కట్టించాడనుకుని వాటిని ముట్టుకోకుండా, చుట్టూ మేత కూడా వేసి వచ్చాడు. మర్నాడు తల్లి మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్ కొని తెచ్చింది. అది వచ్చాక ఆ మెట్టు రెండు రోజుల్లో వచ్చేసింది.

పద్నాలుగూ వచ్చాయి. నా వీడియోలు పంపాను, మార్కులు వేశారు, మంచివే వేశారు. కానీ అదంతా బొమ్మకు. పిల్లకు ఇంకా ఆ రోజు రాలేదు. బొమ్మకు చేసింది తనకు చేసుకుంటుందా అన్నది మా పుస్తకాలు కూడా గట్టిగా చెప్పవు. బస్సులు మొదలయ్యాయి. తల్లి ఫోను చేసింది.

"రేపు ఏలూరు వస్తన్నామండి, ఆసుపత్రికి. మీరు ఇంత కష్టపడ్డారు, కాదనను. కానీ బొమ్మ వేరు, ఇది వేరు కదండీ. షెడ్డు మళ్ళీ పొద్దు పొద్దంతా పెట్టేశారు. నాకు భయంగా ఉందండి. మీరూ రండి."

వెళ్ళి ఏం చెప్పాలి? నేర్చుకుందని సాక్ష్యం ఏముంది, ఒక ప్లాస్టిక్ బొమ్మ తప్ప? అయినా వెళ్ళాను. బస్సులో సీటుకొకళ్ళం, మాస్కుల్లో. గుండుగొలను దాటేదాకా డాక్టరమ్మతో చెప్పవలసిన మాటలు లోపల అప్పజెప్పుకుంటూనే ఉన్నాను.

ఆసుపత్రి వరండాలో పిల్ల నన్ను చూసి గుర్తుపట్టింది గాని, నమ్మలేదు. ఇన్నాళ్ళూ ఫోనులో అరచెయ్యంత ఉన్న టీచరు ఇంత పొడుగు ఎందుకుందో అని కిందికి వంగి నా కాళ్ళు చూసింది. చూసి తృప్తిపడి, నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చుంది.

మా టోకెన్ పిలిచారు. డాక్టరమ్మ వయసు అడిగింది. పెద్దమనిషి అయ్యిందా అని అడిగింది.

"ఇంకా లేదండీ. అయ్యాక నా వల్ల కాదండి. అవకముందే తీసేయండి" అని తల్లి చేతులు జోడించింది.

నేను అప్పజెప్పుకున్న మాటలు మొదలుపెట్టబోయాను. అంతలో పిల్ల లేచింది. తన గుడ్డసంచీ తీసుకుని, గదిలో ఒక మూల బాత్రూము తలుపు మీద ఉన్న ఆడమనిషి బొమ్మ చూసుకుని, లోపలికి వెళ్ళి గడియ పెట్టుకుంది. నన్ను చూసింది కదా, పాఠం అనుకుంది. "ఏమీ అనుకోకండి మేడమ్, నన్ను చూస్తే అలవాటు. పాఠం అప్పజెబుతోంది" అన్నాను. డాక్టరమ్మ పెన్ను మూసి కూర్చుంది. పిల్ల బయటికి వచ్చింది. చేతిలో పేపరు పొట్లం. గదంతా కలయజూసి, మూత ఉన్న డబ్బా వెతుక్కుని, కాలితో మూత తెరిచి వేసింది. సింకు దగ్గర సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి, తన కుర్చీలో కూర్చుంది.

నర్సు చేతికి తొడుగు వేసుకుని డబ్బాలోకి చూసింది. మడత విప్పి, మళ్ళీ మూసేసింది. "మేడమ్, ఇది నిజందేనండి" అంది.

తల్లి పిల్ల మొహంలోకి వంగి, "ఎప్పట్నించే?" అంది. పిల్ల వేళ్ళు చూసుకుని మూడు చూపించింది.

"మూడు రోజులా? నా పక్కనే పడుకున్నావు గదే! పేపరు కనబడకపోతే మీ నాన్న పట్టుకెళ్ళాడనుకున్నాను గదే!"

డాక్టరమ్మ చీటీ మీద ఏమీ రాయకుండానే వెనక్కి ఇచ్చేసింది. "దీనికి ఏం తీయమంటావమ్మా? నువ్వు వెళ్ళి షెడ్డులో పని చేసుకో. తర్వాత టోకెన్ పిలవండి" అంది.

బయట బెంచీ మీద తల్లి చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడ్చిందో నవ్విందో మాస్కు వల్ల నాకు సరిగ్గా తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను. అప్పుడు ఆవిడ నావైపు తిరిగింది.

"అన్నీ నేర్పారు టీచరుగారూ. నాకు చెప్పమని నేర్పలేదేంటండీ?"

పద్నాలుగు మెట్లూ నా కళ్ళ ముందు తిరిగాయి. ఎక్కడా అమ్మ లేదు. ఎవరి సాయమూ లేకుండా అని అంత గర్వంగా రాసుకున్నాను. పాఠం నడిచిన అన్ని రోజులూ ఆవిడ ఫోను పట్టుకుని పక్కనే కూర్చుంది. పక్కనే ఉన్న మనిషికి చెప్పాలని రాయడం నాకు తట్టలేదు. "తప్పు నాదేనండీ" అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, పిల్లను తన వైపు తిప్పుకుని, కొంగు తీసి దాని చేతిలో పెట్టింది. "నాకు చెప్పాలే. ఇలాంటిది ఏదొచ్చినా సరే, ఇదిగో, ఇలా పట్టుకుని లాగాలి. తెలిసిందా?" పిల్ల లాగింది. "ఆఁ, తెలిసింది" అంది తల్లి. కైకలూరు బస్సు రావడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా పిల్ల నిమిషానికోసారి కొంగు లాగుతూనే ఉంది, లాగిన ప్రతిసారీ ఆవిడ దానివైపు తిరిగి, "ఆఁ, తెలిసింది" అంటూనే ఉంది.